నూరు శాతం దెబ్బతిన్న గరుడాచలం

చదలవాడ గరుడాచలం మనోభావాలు మొట్టమొదటిసారి దెబ్బతిన్నది పదహారేళ్ల క్రితం, ఒక మంగళవారం, మున్నంగిపేట మున్సిపాలిటీ వాళ్లు మంచినీళ్ల ట్యాంకుకి ఆకుపచ్చ రంగు వేయించినప్పుడు. అంతకుముందు ఆయనకి మనోభావాలు ఉన్నట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలు వేసే కొట్టు నడుపుకునేవాడు. పుట్టినరోజుకీ పెద్దకర్మకీ ఒకే డిజైను వాడేవాడు. ఒకసారి వార్డు కౌన్సిలరుగా నిలబడి ముప్ఫై ఏడు ఓట్లు తెచ్చుకున్నాడు.

ఆ మంగళవారం ట్యాంకెక్కి, రంగు మార్చేదాకా దిగనన్నాడు. సాయంత్రానికి కమిషనరుగారు కాషాయం వేయిస్తామని కాగితం రాసిచ్చారు. మర్నాడు జిల్లా పేపర్లో మూడో పేజీలో గరుడాచలం ఫోటో వచ్చింది. పదిరోజులు ఇంటింటికీ తిరిగి దండాలు పెట్టినా పడని ఫోటో, ఒక్కరోజు బాధపడితే పడింది. ఆ రోజు నుంచి ఆయన బాధపడటం మానలేదు.

వెంటనే స్వధర్మ గర్జన సేన అని ఒకటి పెట్టాడు. ఆయన కాక అందులో పదకొండు మంది. అందరూ పదాధికారులే, మామూలు సభ్యుడంటూ ఒక్కడూ లేడు, ఎందుకంటే ఫ్లెక్సీ మీద మొహం పడాలంటే పదవి ఉండాలి. ఆడపిల్లల హైస్కూలు గోడ మీద చిలకల బొమ్మలు వేస్తే, అన్ని చిలకలూ ఆకుపచ్చగానే ఎందుకున్నాయని సేన అడిగింది. పెయింటరు వాటిని గోరువంకలుగా మార్చాడు. నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ పెడితే, కుంకుమ రంగు చూసి ఆగడమేమిటి, పచ్చరంగు చూసి కదలడమేమిటి అని అడిగింది. అప్పటినుంచి ఆ సిగ్నల్‌లో పసుపు దీపం ఒక్కటే మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎవరికి ధైర్యముంటే వాళ్లు కదులుతారు.

మనిషి చెడ్డవాడు కాడు. ఎవరింట్లోనైనా చావు జరిగితే అందరికంటే ముందు వెళ్లి టెంటు వేయించేది ఆయనే. కాకపోతే గొంతు పెద్దది, దానికి రోజూ ఏదో ఒక పని కావాలి.

ఒక ఏడాది మున్నంగిపేటలో నలభై ఒక్క బందులు జరిగాయి. ఈ లెక్క రాజధానికి వెళ్లింది. అక్కడి పెద్దలు సుదీర్ఘంగా ఆలోచించి, ప్రజలు బాధపడటాన్ని నిషేధించడం ప్రజాస్వామ్యం కాదు కనుక క్రమబద్ధీకరించాలని నిర్ణయించారు. ఇకమీదట మనోభావాలు దెబ్బతిన్నవారు, ఎంత శాతం దెబ్బతిన్నాయో ప్రభుత్వ ధ్రువపత్రం పొంది, ఆ శాతానికి తగ్గ ఆందోళన మాత్రమే చేయాలి. అయిదు శాతం లోపు పావుగంట నినాదాలు. పది శాతానికి ఒక దిష్టిబొమ్మ, నాలుగడుగులు మించకూడదు. పాతికకి ఒంటిపూట బందు. నలభైకి పూర్తి బందు, కావాలంటే రైలు కూడా ఆపుకోవచ్చు.

ఊళ్లో పాత పశువుల ఆసుపత్రి ఖాళీగా ఉంటే అందులో మనోభావాల పరిరక్షణ కార్యాలయం తెరిచారు. దంటు సీతాపతిగారిని పరిరక్షణాధికారిగా వేశారు. ఆయన ముప్ఫై ఏళ్లు భూముల సర్వే శాఖలో చేసిన మనిషి. కొలవలేనిది ఏదీ లేదని ఆయన నమ్మకం.

ఇదంతా తన పోరాట ఫలితమేనని గరుడాచలం పెద్ద ఫ్లెక్సీ కట్టాడు. రిబ్బను కూడా ఆయన చేతే కత్తిరింపజేశారు. రిబ్బను ముక్క ఇంకా చేతిలో ఉండగానే మొదటి అర్జీ ఇచ్చాడు.

అర్జీ బేకరీ ఖాసిం మీద. షేక్ ఖాసింపీరా బేకరీ ఫ్లెక్సీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇద్దరూ హైస్కూల్లో కలిసి చదువుకున్నారు. ఖాసిం కర్రీ పఫ్‌లు నెలవంక ఆకారంలో చేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఊరంతా వాటిని తింటోంది.

సీతాపతిగారు కళ్లజోడు సవరించుకుని కలం తీశారు. "దెబ్బ ఎక్కడ తగిలింది?"

"మనసుకండీ."

"అది అందరికీ అక్కడే తగులుతుంది. స్థలం చెప్పండి. సర్వే నంబరు ఉంటే మరీ మంచిది."

"ఖాసిం బేకరీ ముందు."

"తూర్పు హద్దు?"

"నా కొట్టే."

"ఈ మనోభావాలు మీకు స్వార్జితమా, పిత్రార్జితమా?"

గరుడాచలం ఛాతీ విరుచుకున్నాడు. "తాతముత్తాతల నుంచి వస్తున్నాయండీ."

"అయితే ఉమ్మడి ఆస్తి. మీరొక్కరే దెబ్బతినడానికి వీల్లేదు. కుటుంబ సభ్యుల అంగీకార పత్రం జతపరచవలెను."

గరుడాచలం భార్య వకుళ కాగితం రెండువైపులా తిప్పి చూసింది. "నాకేం దెబ్బ తగల్లేదండీ. నిన్న రెండు పఫ్‌లు తిన్నా. మీరూ తిన్నారుగా ఒకటి?"

"ఆకారం చూడకుండా తిన్నా."

"మరి అట్టానే తినొచ్చుగా రోజూ?"

చివరికి, గ్యాస్ బండ బుక్ చేసి వస్తే సంతకం పెడతానంది. పెట్టింది కూడా. పైన మాత్రం 'నా వాటా మినహాయించి' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

మర్నాడు పంచనామాకి సర్వేయరొచ్చాడు. ఖాసింని అడిగి వాంగ్మూలం రాసుకున్నాడు. పఫ్ వంపుని కోణమానినితో కొలిచాడు. పోలిక కోసం కజ్జికాయ వంపు కూడా కొలవాలని సీతాపతిగారు ఆదేశించారు. కజ్జికాయ మనదనీ, దాని వంపు వేరనీ గరుడాచలం వాదించాడు. కొలిస్తే రెండు డిగ్రీలు తేడా వచ్చింది. ఆ రెండు డిగ్రీల మీదే అర్జీ నిలబడింది. కొలతలయ్యాక, సాక్షి సంతకాలకి వచ్చిన పంచాయతీదార్లిద్దరూ సాక్ష్యాన్ని తినేశారు.

ఆ పైన వైద్య పరీక్ష. దానికోసం జిల్లా కేంద్రం నుంచి డాక్టర్ ఇందుమతిగారు గురువారాలు వచ్చేవారు. తక్కువ మాట్లాడే మనిషి.

"ఆ పఫ్ చూడగానే బాధ కలిగిందా, ఆలోచించాక కలిగిందా?"

"ఆలోచించాకండీ."

"ఎంతసేపు ఆలోచించారు?"

"రెండు రోజులు."

నాలుగు శాతం అని రాశారు డాక్టరుగారు.

పావుగంట నినాదాలకి అనుమతి వచ్చింది. పక్కన కానిస్టేబుల్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండో నిమిషానికే సేనకి నినాదాలు అయిపోతే, మిగతా మూడు నిమిషాలు ఊరికే నిలబడ్డారు. మర్నాటి నుంచి ఖాసిం పఫ్‌లు నలుచదరంగా వచ్చాయి. మూలలు మాడిపోయేవి. ఊళ్లో వాళ్లు మూలలు విరిచి పారేసి మధ్యది తినేవాళ్లు.

నాలుగు శాతం గరుడాచలానికి అవమానంగా తోచింది. పదహారేళ్ల సీనియారిటీకి నాలుగా? దాంతో పట్టుదలగా అర్జీలు పెట్టసాగాడు. బ్యాంకు క్యాలెండర్లో అమావాస్య అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని ఒకటి. పశువుల సంతలో ఒక ఆవుని ఇంగ్లీషు పేరుతో పిలిచారని ఒకటి. పొద్దున్నే అన్నం తిని కార్యాలయానికి వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. వెనకటికి గేదెలను కట్టి సూదులు వేసిన ఇనుపచట్రం పక్కన బెంచీ వేశారు, దాని మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేవాడు. కొట్టు వకుళ చూసుకునేది. ఆమె చేతిలోకి వచ్చాక పెద్దకర్మలకి వేరే డిజైను వచ్చింది, కొట్టు పుంజుకుంది.

ఎనిమిది నెలల్లో అరవై ఒక్క ధ్రువపత్రాలొచ్చాయి. మొదటిది తప్ప ఒక్కటీ మూడు దాటలేదు. బందు చేసి ఏడాది కావస్తోంది. ఊళ్లో పిల్లలు బందు సెలవులు మర్చిపోయారు.

అప్పుడు గరుడాచలానికొక ఆలోచన వచ్చింది. కొత్త బస్ షెల్టర్ నేల మీద పలకల్లో ఎనిమిది కోణాల చుక్కలున్నాయి. తనొక్కడే కాకుండా సేన మొత్తం ఒకేసారి దెబ్బతింటే, అందరి శాతాలూ కలిపి బందుకి సరిపోతాయి. ఆదివారం కూర్చుని పదకొండు మందికీ ఫోన్లు చేశాడు. గురువారం అందరూ డాక్టరుగారి ముందు వరసలో నిలబడ్డారు. ముందుగా ఉపసేనాని పోలిశెట్టి త్రివిక్రమ్ లోపలికి వెళ్లాడు.

"ఏ చుక్కలు?" అన్నారు డాక్టరుగారు.

"బస్ షెల్టర్ నేల మీదియి మేడం."

"నువ్వు రోజూ బస్సు ఎక్కేది అక్కడేనా?"

"అక్కడే మేడం. ఆర్నెల్లుగా."

"బాధ ఎప్పుడు కలిగింది?"

"మొన్న ఆదివారం, గరుడన్న ఫోన్ చేసినప్పుడు."

"ఫోన్ రాకముందు?"

త్రివిక్రమ్ నిజాయితీగా గుర్తు తెచ్చుకున్నాడు. "బాగానే ఉన్నా మేడం. సినిమాకి బయల్దేరుతున్నా."

మిగతా పదిమందీ దాదాపు అదే చెప్పారు. ఒకరు సినిమా బదులు బిర్యానీ అన్నారు. డాక్టరుగారు పదకొండు కాగితాల మీదా ఒకే వాక్యం రాశారు: 'చుక్కల వలన కలిగిన గాయం సున్నా శాతం. బాధకు కారణం గరుడాచలం గారి ఫోను.'

సీతాపతిగారు ఆ కాగితాలు పదకొండూ చదివి ఫైల్లో పెట్టారు. తర్వాత నిబంధనల ప్రకారం చేయవలసింది చేశారు. సోమవారం గరుడాచలానికి నోటీసు అందింది. 'పదకొండుగురు పౌరుల మనోభావములు ప్రశాంతముగా ఉండగా, సదరు వ్యక్తి ఫోను ద్వారా వాటిని కలతపెట్టినట్లు రుజువైనది. మున్నంగిపేట పట్టణమున ఇంతమంది మనోభావములను ఏకకాలమున దెబ్బతీసిన వ్యక్తి రికార్డులలో మరొకరు లేరు. ఏడాదిపాటు ఊరి పొలిమేరలలో అడుగుపెట్టకుండా ఎందుకు ఉత్తర్వు ఇవ్వరాదో వారంలోగా తెలుపవలెను.'

గరుడాచలం పరుగెత్తుకుంటూ కార్యాలయానికి వచ్చాడు. "సీతాపతిగారూ, ఇదెక్కడి న్యాయమండీ? నేను బాధపడేవాణ్ణి. బాధపెట్టేవాణ్ణి కాదు!"

ఎనిమిది నెలలుగా రోజూ చూసిన మొహం. సీతాపతిగారికి జాలేసింది. నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పి ఒకచోట వేలు పెట్టారు. "ఒక వెసులుబాటు కలదు. మనోభావములు సంపూర్ణముగా దెబ్బతిన్న వ్యక్తి తన చేష్టలకు బాధ్యుడు కానేరడు. మీ ధ్రువపత్రములన్నీ కూడి చూసెదము."

అరవై ఒక్క కాగితాలూ కూడితే నూటనాలుగు వచ్చింది. నూరు మించడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, పైన ఉన్న నాలుగు శాతాన్నీ ప్రభుత్వానికి దఖలు పరిచి మిగిలినదానికి కొత్త ధ్రువపత్రం రాసిచ్చారు. 'సంపూర్ణముగా దెబ్బతిన్నవి. శేషము: శూన్యము.' నోటీసు రద్దయింది.

జిల్లా మొత్తం మీద నూరు శాతం వచ్చినవాడు ఆయనొక్కడే. ఆ రోజు సేన బాణసంచా కాల్చింది. వకుళ హారతి ఇస్తూ కాగితం చదివి, "శేషం శూన్యం అంటే ఏందండీ?" అని అడిగింది. "గొప్పదని అర్థం," అన్నాడు.

రెండు వారాల తర్వాత అర్థం తెలిసింది. పక్కూరి జాతరలో రికార్డింగ్ డాన్సు పెట్టారని విని, ఆయన అరవై రెండో అర్జీ పట్టుకుని వెళ్లాడు. సీతాపతిగారు అర్జీ తీసుకోలేదు.

"మీకు మిగల్లేదు కదండీ."

"ఏంటి మిగల్లేదు?"

"మనోభావాలు. ఉన్నవన్నీ దెబ్బతినేశాయి. ఇక తగలడానికి చోటు లేదు."

ఈ సంగతి సేనకి తెలియడానికి గంట పట్టలేదు. మనోభావాల సేనకి మనోభావాలే లేనివాడు అధ్యక్షుడుగా ఉండటం సాంకేతికంగా కుదరదని వాళ్లు సమావేశమై తీర్మానించారు. చూడబోతే, బస్ షెల్టర్ వ్యవహారంలో సున్నా వచ్చిన త్రివిక్రమ్ దగ్గర నూటికి నూరు శాతం చెక్కుచెదరకుండా ఉన్నాయి. అతన్ని ఎన్నుకున్నారు.

మర్నాడు బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ లేచింది. పక్క వీధి కొట్లో వేయించారు. గరుడాచలం దాని ముందు నిలబడి మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాడు. అడుగున, వరసలో చివర, పోస్టేజీ స్టాంపంత కూడా తను లేడు. సరాసరి కార్యాలయానికి నడిచాడు.

"సీతాపతిగారూ, ఇప్పుడు నిజంగా దెబ్బ తగిలిందండీ."

సీతాపతిగారు ఫైలు తెరిచి, మూసి, తల అడ్డంగా ఊపారు. "మనోభావములు తిరిగి మొలకెత్తినట్లు వైద్యులు ధ్రువీకరించినచో తప్ప వీలుపడదు. దానికి పాత ఫైళ్లన్నిటి నకళ్లు, క్రమసంఖ్య ప్రకారం, జతపరచవలెను."

గురువారం పొద్దున్నే గరుడాచలం ఆ నకళ్లన్నీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఏ ఫైల్లోనూ శాతం అంకె తప్ప ఇంకేదీ చదవలేదు. ఒకటో నంబరు ఫైలు సర్దుతుంటే అందులో పంచనామా కాగితం జారి కింద పడింది. తీసి చూశాడు. ఖాసిం వాంగ్మూలం, సర్వేయరు గీతల రాతలో:

'అర్జీదారు గరుడాచలం, నేను ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడు ఊరికే బాధపడే రకం కాదు. బాధ కలిగింది అంటున్నాడంటే నిజంగా కలిగే ఉంటది. ఈ పఫ్ అచ్చు మా నాయన చేయించింది. అయినా రేపటి నుంచి వాడను. వాడికి చెప్పండి.'

వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నిబంధనల్లో ఎక్కడా లేదు.

గరుడాచలం ఆ కాగితం మళ్లీ చదివాడు. ఊరికే బాధపడే రకం కాదు. చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. డాక్టరుగారు పిలిచేదాకా అలాగే కూర్చున్నాడు.

"ఏమైనా మొలకెత్తిందా?" అన్నారు ఆమె.

"తెలీదండీ. ఏదో అయింది."

"ఎక్కడ?"

"మొహం మంటగా ఉంది. ఎవరికీ కనపడకూడదనిపిస్తోంది. అన్నం సయించదేమో ఇవాళ."

"కోపమా?"

"కాదండీ. కోపం నాకు తెలుసు."

"ఎవరి వల్ల కలిగింది?"

గరుడాచలం చేతిలోని వాంగ్మూలం వంక చూశాడు. "నా వల్లేనండీ."

డాక్టరుగారు కలం పక్కన పెట్టి, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన్ని పరీక్షగా చూశారు. "దీన్ని సిగ్గంటారు గరుడాచలంగారూ. నిజమైనదే. నూటికి నూరు. నేను రాస్తాను. కానీ..." అంటూ మళ్లీ కలం అందుకున్నారు.

ఆమె రాశారు. సాయంత్రం సీతాపతిగారి ఉత్తర్వు వెలువడింది. 'అర్జీదారునకు కలిగినది సిగ్గు అని వైద్య పరీక్షలో తేలినది. ప్రభుత్వము గుర్తించిన మనోభావముల జాబితాలో సిగ్గు లేనందున అర్జీ తిరస్కరించడమైనది.' గరుడాచలం చదువుకుని, వాదించకుండా, అందినదని సంతకం పెట్టాడు.

అక్కణ్ణుంచి బేకరీకి వెళ్లాడు. ఖాసిం ట్రేలకి అంటిన మాడు గీకుతున్నాడు.

"ఏందిరా, మళ్లీ ధ్రువపత్రమా?"

"కాదు. ఊరికే వచ్చా."

"ఊరికే వస్తే కూర్చో."

గరుడాచలం కూర్చోలేదు. "ఖాసిం, నువ్వు బాధపళ్లేదారా?"

"ఎందుకు పడలా? పడ్డా."

"మరి అర్జీ పెట్టలేదే?"

"తెల్లారగట్ట మూడింటికి పిండి కలపాల. ఆ ఆఫీసోళ్లు పదింటికి తలుపు తీసేసరికి నాది రెండో వాయి. ఇంక బాధపడేదెప్పుడు?" గీకడం ఆపకుండానే నవ్వాడు. "అయినా ఇంట్లో ఆడమనిషి సంతకం కావాలంటగా. మా ఆవిడ పెట్టదు. నిన్ను చూస్తే దానికి జాలి."

"తప్పయిపోయిందిరా," అన్నాడు గరుడాచలం. అంత చిన్న గొంతు తనకుందని ఆయనకే తెలియదు.

ఖాసిం చెయ్యి ఆగింది. తర్వాత రెండో గీకుడు కత్తి ఆయన ముందుకి తోసి, "మాడు ఎటూ నీ వల్లనే. నాలుగు ట్రేలు నువ్వు గీకు," అన్నాడు.

చీకటి పడేదాకా ఇద్దరూ ట్రేలు గీకారు.

సీతాపతిగారు మాత్రం ఆ ఫైలుని అంతటితో వదల్లేదు. కొలవడానికి వీలైన వస్తువొకటి తన కార్యాలయం ముందుకొచ్చి వెనక్కి వెళ్లిపోవడం ఆయన వృత్తికే మచ్చ అనిపించింది. సిగ్గును కూడా జాబితాలో చేర్చాలనీ, ప్రత్యేక దరఖాస్తు ఫారాలు ముద్రించాలనీ రాజధానికి వివరంగా ఉత్తరం రాశారు. అక్కడ పెద్దలంతా కూర్చుని రెండు దఫాలు చర్చించారట. మూడు నెలలకి జవాబు వచ్చింది.

'మీ ప్రతిపాదన సమగ్రముగా పరిశీలించడమైనది. రాష్ట్రము మొత్తము మీద ఇంతవరకు ఒక్కరికి మాత్రమే కలిగినట్లు తెలియవచ్చుచున్నందున, సిగ్గు నిమిత్తము ప్రత్యేక ఏర్పాట్లేవీ అవసరము లేదని ప్రభుత్వము భావించుచున్నది.'